ఆ ఒక్క గడపకు తప్ప

మా మేనత్త పోయింది. పూర్ణ ఊళ్ళో నేను పనిచేసే గోదాములో పెట్టెల మీద చీటీలు అంటిస్తుండగా బాపు ఫోన్ చేశాడు. “అత్త పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగింది, గంతే” అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. “పెద్దబాపు ఉండంగనే పోయిందా?” అన్నాను. బాపు ఫోన్ పెట్టేశాడు.

చదివేవాళ్ళకు ఈ మాట కటువుగా అనిపిస్తుందని తెలుసు. పెద్దబాపు అంటే మా బాపుకూ అత్తకూ సొంత అన్న. పద్మనగర్‌లో, వరస గదుల మా చాల్‌లోనే, మేడ మీది వరండా చివరి గదుల్లో ఉంటాడు. ఆయన చేత ఒక మాట అనిపించేదాకా చావనని అత్త మొండిగా ఉండేది. “గాయన నోరిప్పి అడగాలె. అడిగినంక యముడు ఎప్పుడొచ్చినా చెప్పులేసుకొని ఎల్లిపోత” అనేది. యముడికి మా ఇంటి గొడవలు పట్టలేదు.

పోయినవాళ్ళను తలచుకునేటప్పుడు చల్లని తల్లి, ఓర్పుకు మారుపేరు అని రాస్తుంటారు. అత్త గురించి అలా రాస్తే పైనుంచి నన్ను తిడుతుంది. ఆమెకు ఓర్పు ఉంది, నిజమే. పగ తీర్చుకోవడానికి కావలసిన ఓర్పు అది. దాన్ని ఆమె అరటిపండు కేకులో పెట్టి వీధి వీధంతా పంచింది.

పెళ్ళయిన కొద్దికాలానికే మామయ్య పోయాడు. పిల్లలు లేరు. అత్త పుట్టింటి చాల్‌కు తిరిగొచ్చి మా పక్క గదిలో చేరింది. పగలంతా మరమగ్గాల సాంచాల దగ్గర కండెలు చుట్టేది, సాయంత్రం కామత్‌ఘర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో వంట చేసేది. టీచరమ్మది మన తెలుగు క్రైస్తవుల కుటుంబం. బనానా బ్రెడ్ నేర్పింది ఆవిడే. “బ్రెడ్డు అంటదే టీచరమ్మ. గది బ్రెడ్డులెక్క లేదు, కేకులెక్క ఉంది. పేరు పెట్టినోళ్ళను పోయి అడుగుతమా?” అని అత్త మొదటిసారి తెచ్చి పెట్టినప్పుడు నేను పలక పట్టుకుని బడికి పోయే పిల్లను. ముక్క నోట్లో పెట్టుకుని బడి ఎగ్గొట్టాను.

మా ఇళ్ళలో కేకు కాల్చే పొయ్యిలు లేవు. పావ్ కాల్చే బేకరీ ఒకటి మా సందు మొదట్లో ఉంది. రంజాన్ వచ్చిందంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నాన్‌ఖటాయి బిస్కెట్ల పిండిని పళ్ళేల్లో పరచుకుని అక్కడికే పోయేవాళ్ళు. అత్త కూడా అదే దారి పట్టింది. నూనె డబ్బాను అడ్డంగా కోయించి, అంచులు లోపలికి వంచి, దాన్నే గిన్నె చేసుకుంది. పావ్ అంతా బయటికొచ్చి భట్టీ వేడి కాస్త తగ్గాక బేకరీ చాచా “ఆపా, డబ్బా లావ్” అని, అక్కా డబ్బా తెమ్మని, కేకేసేవాడు. అత్త అరటిపండ్లు చేత్తో మెదిపి, పెరుగు, బెల్లం, తినే సోడా, మైదా కలిపి, పిండి గంజి కంటే కాస్త చిక్కగా జారాలని వేళ్ళ మధ్య చూసుకునేది. చీపురుపుల్ల కడిగి గుచ్చి ఉడికిందో లేదో చూసేది. కత్తి మాత్రం ముట్టనిచ్చేది కాదు. కొత్త నూలు పోగు తీసి ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, ఇంకో కొస చేత్తో లాగి కోసేది. ఒక్క పొడి రాలేది కాదు. నేతపని వాళ్ళం, మాకు కత్తి కంటే పోగు నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి.

పెద్దబాపు బిడ్డకు పూలు పండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకునే రోజు. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు వచ్చి కూర్చున్నారు. అత్త తెల్లవారకముందే లేచి, రెండు డబ్బాలు కాల్పించి, పోగుతో కోసి, స్టీలు పళ్ళెంలో పేర్చి తీసుకొచ్చింది. కట్టిన చీర కూడా ఆ రోజు కోసం దాచుకున్నదే. పెద్దబాపు గుమ్మంలోనే ఆపాడు.

“మొగుడు పోయినదాని చేతి తిండి శుభకార్యంల పెడతరా? గదీ పరాయోళ్ళ వంటింట్ల నేర్చుకున్నది” అన్నాడు, అందరికీ వినబడేలా.

పళ్ళెం ఆమె చేతిలోంచి లాక్కుని వరండా మీది నుంచి కింద వీధిలో కుక్కల ముందుకు విసిరేశాడు. చాల్ మొత్తం వరండాల్లో నిలబడి చూసింది. మా బాపు కూడా చూశాడు. ఒక్కరూ నోరు తెరవలేదు. అత్త కిందికి దిగి, కుక్కలు తిని ముగించేదాకా నిలబడి, పళ్ళెం తీసుకుని కడుక్కుంది. “కుక్కలే నయం. రుచి తెలిసి తిన్నయి” అని మెట్లెక్కి వచ్చింది. ఆ రోజు ఆమె ఏడవడం నేను చూడలేదు. ఏడ్చే ఉంటుంది, నాకు చూపించలేదు.

ఆ తర్వాత మొదలైంది ఆమె వ్రతం. సాంచాలు బందయ్యే రోజు మా పేటలో చప్పుడు ఉండదు. ఆ రోజు గాలిలో నూనె వాసన, గంజి వాసన కూడా తగ్గుతాయి. సరిగ్గా ఆ రోజే కేకు కాల్పించేది. వేడి డబ్బా పాత గుడ్డలో చుట్టుకుని వరండాలోకి రాగానే చివరి గది దాకా వాసన పాకేది. ప్రతి గడపలో ఒక ముక్క. పెద్దబాపు గడప ముందు ఆగి, కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి కింది వరస ఇళ్ళకు దిగేది. “వాసనకు తాళం ఏస్తడా? ఏసుకోమను” అనేది నాతో.

పిల్లల మీద మాత్రం ఆమెకు పగ లేదు. పెద్దబాపు మనవలు వాసనకు ఆగలేక అత్త గదిలోకి దూరేవాళ్ళు. కడుపు నిండా పెట్టేది. ఒక్కటే షరతు, అక్కడే తినాలి, ఇంటికి పొడి కూడా మోసుకుపోకూడదు. “మూతి కడుక్కొని పోండ్రి. మీ తాత వాసన చూస్తడు” అని చెంబు చేతికిచ్చేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

బాపు కూడా తినేవాడు. తింటున్నంతసేపూ తలెత్తేవాడు కాదు. నాకు ఆయన మీదా మంటగానే ఉండేది. “గీ ముక్క నోట్లె పెట్టుకునే నోరు గప్పుడు ఎటు పోయింది?” అని ఒకసారి అనేశాను. అత్త నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. “వాడు సిన్నోడు. అన్న ముంగట నోరు లేనోడు. నా పగకు మనిషి ఒక్కడే. అందరికి పంచితే పలుచగైతది” అంది.

ఈ విద్య నాకూ నేర్పింది. గోదాములో చేరిన కొత్తలో నేను చేసిన పనిని నా మీది అధికారి తన పేరు మీద చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి రేపే పోయి నిలదీస్తానని ఎగిరాను. అత్త మేకుకు వేలాడుతున్న అరటిపండ్ల గుత్తిని చూపించింది. “పచ్చిగున్నప్పుడు కేకు జేస్తే ఏమైతది? నార నార అయితది. తోలు నల్లబడాలె, ఈగలు రావాలె, గప్పుడు తియ్యదనం. కోపం గూడ గట్లనే. పండనియ్యి” అంది. పండనిచ్చాను. పెద్ద సాబ్ వచ్చిన రోజు, ఆ పని ఎలా చేశారో చెప్పమని ఆ మనిషినే నలుగురిలో అడిగాను. వాడు చెప్పలేకపోయాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి తీసుకుపోయాను. అత్త అది పక్కన పెట్టి, ముందు ఆ మనిషి ముఖం ఎలా మాడిందో చెప్పమంది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

పెద్దబాపుకు ఒకసారి జ్వరం ముదిరి నోటికి ఏదీ సహించలేదు. పెద్దమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. “గా కేకు ఒక్క ముక్క తింటనంటుండు. ఇయ్యవా?” అని అడిగింది. నేనైతే కరిగిపోయేదాన్ని. అత్త ఆమెను కూర్చోబెట్టి చాయ్ పోసి, రెండు ముక్కలు తినిపించి, ఖాళీ గిన్నెతో పంపింది. “తననే రమ్మను వదినె. నలుగురిల పారేసిండు, నలుగురిల అడగాలె. చెల్లె, ఒక ముక్క పెట్టు అంటె చాలు. కాళ్ళు మొక్కమంటలేను” అంది. ఆయన రాలేదు. జ్వరం తగ్గింది, అహం తగ్గలేదు.

బాపు ఫోన్ చేసిన రోజు నేను గోదాము నుంచి వచ్చేసరికి అత్తను వరండాలో పడుకోబెట్టారు. ఆమె గదిలోకి పోతే మేకుకు అరటిపండ్లు ఉన్నాయి. నల్లగా, మెత్తగా, వాడే సమయానికి వచ్చి ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి పైకి మాటిస్తారు. సరైన మాట వినబడితేనే కాకి దిగుతుంది. మిగిలింది అందరూ తలా ఇంత నోట్లో వేసుకుని ఇంటికి పోతారు.

ఆ నల్లబడ్డ పండ్లతోనే నేను కేకు చేశాను. బేకరీ చాచా డబ్బా నా చేతిలోంచి తీసుకుని కళ్ళు తుడుచుకుని భట్టీలో పెట్టాడు. పోగుతో కోసి, శ్మశానం గోడ పక్కన విస్తరిలో అన్నం, కోడికూర, చాయ్ గ్లాసు, వాటితోపాటు ఒక ముక్క పెట్టాను. కాకులు చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఎండ ఎక్కింది. బాపు ముందుకొచ్చి, “అక్కా, నీ గదిల రోజూ దీపం పెడత” అన్నాడు. కాకి రాలేదు. పెద్దబాపు వచ్చి చేతులు జోడించాడు. “చెల్లె, నీ పేరు మీద గుడిల అన్నదానం జేపిస్త” అన్నాడు. అడగాల్సిన మాట అది కాదని చెట్టు మీది కాకులకు కూడా తెలుసు. ఒకటి రెక్కలు విదిల్చి పై కొమ్మకు పోయింది.

కులపెద్ద నా వైపు తిరిగాడు. “పంతం మిగిలిపోయినట్టుంది బిడ్డా. మీ పెద్దబాపుకు గూడ ముక్క పెడతనని నువ్వు చెప్పు. ఆమె ఆత్మకు శాంతి గలుగుతది” అన్నాడు. అందరూ తలలూపారు. చెప్పు, చెప్పు అన్నారు. పళ్ళెం ఆమె చేతిలోంచి లాక్కున్న రోజు మూగబోయిన నోళ్ళు కూడా అందులో ఉన్నాయి.

నేను విస్తరి ముందుకు పోయాను. అందరికీ వినబడేలా గట్టిగా అన్నాను.

“అత్తా, నలుగురిల నోరు తెరిచి అడిగేదాక ఆయనకు పొడి గూడ పెట్ట. నీ మీద ఒట్టు.”

ఎవరో “అయ్యో” అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే రెక్కల చప్పుడు వినిపించింది. కాకి నేరుగా కేకు మీద వాలింది. కోడికూర వైపు చూడనైనా లేదు. ముక్కను పొడిచి, తిని, ఇంకో ముక్క విరిచి నోట కరుచుకుని గోడ మీదికి ఎగిరింది. కాకి ముట్టాక ఇక ఎవరూ వంక పెట్టడానికి లేదు.

మిగిలిన కేకు పళ్ళెంలో పెట్టుకుని వరసగా అందరి చేతుల్లో పెట్టుకుంటూ వచ్చాను. కులపెద్దకు, పెద్దమ్మకు, మనవలకు, బేకరీ చాచాకు. పెద్దబాపు ముందు ఆగాను. ముసలి ముఖం, నిద్ర లేని కళ్ళు. పెదవులు కదిలాయి. నేను నిజంగానే ఎదురుచూశాను. ఒక్క మాట చాలు అనుకున్నాను. మాట రాలేదు. కుడిచెయ్యి మాత్రం ముందుకు చాపాడు.

పక్కన నిలబడ్డ బాపు చేతిలో ముక్క పెట్టాను. బాపు ఈసారి తల దించకుండా అన్న ముఖంలోకి చూస్తూ తిన్నాడు. పెద్దబాపు చెయ్యి ఎండలో అలాగే చాపి ఉంది.