గంట ఆగిన బడి

నా చిన్నప్పుడు మెట్టుగూడలో మా రైల్వే క్వార్టర్ల పక్కనున్న బడిలో గంట అంటే, వరండా దూలానికి వేలాడదీసిన పాత రైలు పట్టా ముక్క. అటెండరు ఇనుప కడ్డీతో కొడితే వీధి చివరిదాకా వినిపించేది. మిగతా పిల్లలకు అది ఇంటికి పరుగెత్తమని పిలుపు. నాకు మాత్రం మా నాన్న చనిపోయిన చప్పుడు.

నాన్న పట్టాల మరమ్మతు గ్యాంగులో పనిచేసేవాడు. అన్నం క్యారియర్ ఇవ్వడానికి అమ్మతో వెళ్లిన రోజు నా కళ్లముందే ఇంజను ఆయన్ని గుద్దేసింది. చేతిలోని గడ్డపార పట్టాల మీద పడి ఖంగుమంది. ఆ తర్వాత నాకు మాట పడిపోయింది. బడిగంట మోగితే చాలు, బల్ల కింద దూరి చెవులు మూసుకునేదాన్ని. లంగా తడిసిపోయేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చిన్నపిల్ల, అదే మరిచిపోతుందిలే అన్నారు. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే.

మా హెడ్‌మాస్టరుగారు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. పిల్లను ఇంట్లోనే ఉంచుకోమని అమ్మకు చెప్పేశారు. అమ్మ నన్ను తీసుకుని గేటు దాకా వచ్చేసింది కూడా. మా తరగతి టీచరమ్మ వెనకాలే వచ్చి ఆపింది.

"రేపటి సంది నువ్వు సుత రా అక్కా. నీ కుట్టుపని తెచ్చుకొని పిల్ల పక్కన కూసో. నీ తక్లీఫ్ నాకు కనబడ్తలేదా?" అంది.

అమ్మ జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ క్లాసులో నా పక్కనే కూర్చునేది. మధ్యమధ్య ఏడ్చేది. టీచరమ్మ మా ఇద్దరినీ అలాగే ఉండనిచ్చింది.

తర్వాత ఆవిడ ఒక షరతు పెట్టింది. నేను తల ఊపితేనే గంట కొట్టాలి. లేకపోతే తానే గదిగదికీ తిరిగి పిల్లలను వదిలిపెడుతుంది. ఒక్క పిల్ల కోసం బడంతా బంద్ పెట్టాలా అని హెడ్‌మాస్టరుగారు మండిపడ్డారు.

"ఒక్క పిల్ల భయపడ్తున్నా బడి ఆగాలె సార్. ఆగకపోతె అది బడెట్లయితది?" అంది టీచరమ్మ.

పెద్దవాళ్ల మాట మీద నాకు అప్పటికి నమ్మకం లేదు. సాయంత్రం వస్తానని నాన్న కూడా చెప్పే వెళ్లాడు. అందుకే ఆవిడకు పరీక్ష పెట్టాను. రోజూ మధ్యాహ్నం అన్నం గంట వేళకు ఆవిడ నా ముందు కింద కూర్చుని మొహంలోకి చూసేది. నేను కదిలేదాన్ని కాదు. టిఫిన్ డబ్బాలు పట్టుకున్న పిల్లలు గొణిగేవారు. ఆవిడ లేచి గదులన్నీ తిరిగొచ్చేది. పైవాళ్లకు ఫిర్యాదు చేస్తానని హెడ్‌మాస్టరుగారు బెదిరించినా తిరిగింది, జ్వరంతో ఉన్నా తిరిగింది. నన్ను బతిమాలలేదు, తొందరపెట్టలేదు.

చివరికి ఒకరోజు నాకే నమ్మకం కుదిరింది. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని తల ఊపాను. గంట మోగింది. నేను బల్ల కిందికి వెళ్లలేదు. "ఇంకోపారి కొట్టమను" అన్నాను టీచరమ్మతో. నా గొంతు విని అమ్మ చేతిలోని జాకెట్టు జారిపోయింది.

ఇప్పుడు కాప్రాలో, మనసుకు దెబ్బ తగిలిన పిల్లల కోసం నేనూ మరికొందరూ కలిసి ఒక చిన్న బడి నడుపుతున్నాం. అక్కడ తల్లులకూ చోటుంటుంది. వీళ్లెప్పటికి బాగవుతారు, మిగతా పిల్లలకు ఇబ్బంది కదా అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. నా భయం పూర్తిగా పోలేదు, రైలు దగ్గరకొస్తే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. కానీ ఒక పిల్లను బయటికి పంపెయ్యమని ఎవరైనా అంటే మాత్రం నాకు భయం వెయ్యదు, కోపం వస్తుంది. ఆ కోపం మా టీచరమ్మ పెట్టిన భిక్ష. దాన్ని చల్లారనిచ్చేది లేదు.