సేమియాలో ఎండు రొయ్యలు

మేడం పోయారని చాచీ ఫోన్ చేసేసరికి నేను అచ్యుతాపురంలో కంపెనీ బస్సు దిగుతున్నాను. "నిద్దర్లోనే పోయిందే తల్లీ, ఎవుల్నీ ఇబ్బంది పెట్టనేదు" అంది ఏడుస్తూ. చాచీ మా హోంలో వంటావిడ. మేడం అక్కడి సూపరింటెండెంటు. ఇల్లంటూ లేని నాలాంటి ఆడపిల్లలను ఉద్యోగమున్నన్నాళ్లూ పెంచి, రిటైరయ్యాక కూడా వారానికోసారి వచ్చి అజమాయిషీ చేసిన మనిషి. నాకు నమ్మబుద్ధి కాలేదు. నాలుగు రోజుల ముందే, జలుబు చేసిన మా పాపకు ఐస్‌క్రీం కొనిపెట్టానని నన్ను ఫోన్లో పావుగంట తిట్టారు. అంత ఓపికగా తిట్టగలిగిన మనిషి పోవడమేమిటి!

మా హోం వన్‌టౌన్‌లో ఉంది, హార్బర్‌లో ఓడ కూత పెడితే వినిపిస్తుంది. మేడంది ఎలమంచిలి వైపు. ఆఫీసర్లతో పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. మా దగ్గరికొచ్చేసరికి అచ్చం ఊరి మాటే. "ఏటే ఆ జుత్తు? కాకులు గూడెట్టుకుంటాయి!" అని దువ్వెన పట్టుకుని వెంటపడేవారు. అలాగని దేవతేం కాదు. క్యారమ్స్‌లో దొంగాట ఆడేవారు, పట్టుకుంటే బోర్డు ఎత్తేసి చదువుకోమనేవారు.

కొత్తగా వచ్చిన పిల్లను మొదటి రోజు ఊరేదని, అమ్మానాన్నలేమయ్యారని అడిగేవారు కాదు. అవన్నీ ఎలాగూ ఫైల్లో రాసుకుంటారు. వంటింట్లోకి తీసుకెళ్లి, పీట వేసి, ఒక్కటే అడిగేవారు. "మీ ఇంట్లో ఏటి వండుకునేవోరే?"

పిల్ల ఏది చెబితే అది ఆ వారంలోనే హోమంతటికీ వండించేవారు. తర్వాత వంటింటి నల్లగోడ మీద తెల్లరంగుతో రాసేవారు. రమణమ్మ నెత్తళ్ల పులుసు. షాహీన్ పుల్లపప్పు. గౌరి ఉలవచారు. పిల్ల పెద్దదై వెళ్లిపోయినా పేరు గోడ మీదే ఉండేది, వంట నెలనెలా వంతుకు వస్తూనే ఉండేది. గోడ మీద ఈ రాతలేమిటని తనిఖీకి వచ్చినాయన ఒకసారి విసుక్కుంటే, "పిల్లల సామాన్లండీ, ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు మేడం.

నన్ను రైల్వే స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. మేడం అదే ప్రశ్న అడిగారు. నాకు చెప్పడానికి వంట లేదు. అమ్మే గుర్తులేదు. గోడ నిండా పేర్లు కనిపిస్తున్నాయి. నా పేరు ఎక్కకపోతే మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి పంపేస్తారనుకున్నాను. నాకు తెలిసినవి రెండే. టిఫిన్ బండాయన మిగిలితే పెట్టే సేమియా ఉప్మా, బజారులో ఎవరో వేయిస్తుంటే వచ్చే ఎండు రొయ్యల వాసన. రెండూ కలిపేశాను.

"సేమియాలో ఎండు రొయ్యలు."

చాచీ చేతిలో గరిటె ఆగిపోయింది. మేడం మాత్రం నవ్వలేదు. "మీయమ్మ ఉల్లిపాయి ముందేసేదా, రొయ్యలు ముందేసేదా?" అని అడిగారు.

"రొయ్యలే" అన్నాను ధీమాగా.

ఆదివారం వండారు. వాసనకే సగం మంది ముక్కులు మూసుకున్నారు. మేడం పళ్లెం నిండా పెట్టించుకుని మెతుకు మిగల్చకుండా తిన్నారు. నేను రెండు ముద్దలు మింగి పెరట్లోకి పరుగెత్తాను. సాయంత్రానికి గోడ మీద నా పేరెక్కింది. ఎక్కాక మొదలైంది నా బాధ. రెండు రోజులు వంటింటి వైపు చూడలేకపోయాను. మూడో రోజు ఆఫీసు గదిలోకి వెళ్లి ఏడ్చేశాను.

"నాను అబద్దం సెప్పాను మేడం. మా ఇంట్లో ఏటీ వండనేదు. మాకు ఇల్లే నేదు. నా పేరు తుడిపీయండి."

మేడం రిజిస్టరు లోంచి తలెత్తారు. "మొన్న ఆదివారం ఎక్కడ వండేం?"

"ఇక్కడే."

"తిన్నదెవులు?"

"మనమే."

"మరింకేటి? మనింట్లో వండిందే రాసేం. ఉప్పు తగ్గింది, ఈసారి సూసుకో. పో, మొహం కడుక్కో."

ఆ రోజు నుంచి అది నా బాధ్యత అయింది. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కరివేపాకు దూసి, కాస్త చింతపండు రసం పోసి, నేను పదో తరగతికి వచ్చేసరికి రెండోసారి వడ్డించమని అడిగే స్థాయికి తెచ్చాను. అంతకంటే పెద్ద విజయం నా జీవితంలో ఇప్పటికీ లేదు.

మైల తీరాక వచ్చిన ఆదివారం మేమంతా హోంలో కలిశాం. ఎవరి వంట వాళ్లే వండాలని అనుకున్నాం. గౌరి తగరపువలస నుంచి ఉలవచారు క్యానుతో దిగింది. క్యారమ్స్ దొంగాటలు తలుచుకుని ఏడవడానికి బదులు పొట్టలు పట్టుకుని నవ్వాం. అప్పుడు చూశాం, గోడ మీద మేడం పేరు లేదు. ఆవిడ ఇంట్లో ఏం వండుకునేవారో ఇన్నేళ్లలో ఒక్కరమూ అడగలేదు. నాకు చాలా సిగ్గేసింది.

"మాడు సెక్కని రాయండే" అంది చాచీ. "మీయందరికీ వడ్డించీసి, గిన్నె గీక్కుని తిన్నదదే కదా ఆయమ్మ!"

అలాగే రాశాం. మేడం మాడు చెక్క. చాచీ పంతం పట్టి అన్నం మాడబెట్టింది. ఎప్పుడూ అడుగంటే ఆవిడ చేతి అన్నం, కావాలని చేస్తే ఓ పట్టాన అంటలేదు.

వడ్డన మొదలయ్యాక, ముందురోజే హోంకి వచ్చిన ఒక పిల్ల నా గిన్నెలోకి తొంగిచూసింది. "సేమియాలో రొయ్యలేటి? ఇదెవులింటి వంట?"

నేను నోరు తెరిచేలోపే, పక్కన కూర్చున్న మా ఆరేళ్ల పాప బుగ్గ నిండా సేమియా పెట్టుకునే జవాబిచ్చింది.

"మా అమ్మమ్మోలింటిది."

అని, ఇంకా ఆరని ఆ తెల్ల అక్షరాల వైపు ఎంగిలి చెయ్యి చూపించింది.