హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ మనిషి

కాలిఫోర్నియాలోని డబ్లిన్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ వెనుక ఒక హైస్కూల్ మైదానం ఉంది. ఆగస్టు రాగానే పొద్దున్నే గడ్డి కోస్తారు. ఆ తడిగడ్డి వాసనతో పాటు, పిల్లలు ఒకరినొకరు ఢీకొన్నప్పుడు వాళ్ళ భుజాలమీది ప్లాస్టిక్ కవచాల చప్పుడు కూడా కిటికీలోంచి లోపలికి వస్తుంది. అవి రెండూ కలిసొచ్చిన రోజు చేతిలో కాఫీ చల్లారిపోతుంది. కాలిఫోర్నియాలో ఉన్న సంగతి మరిచిపోయి, మిషిగన్‌లో కోచ్ వెండెల్ పక్కన నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది.

గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, మిషిగన్‌లో మాస్టర్స్ ముగించి, డెట్రాయిట్ దగ్గర ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ట్రైనర్‌గా చేరాను. అక్కడ ట్రైనర్ అంటే ఆట నేర్పే మనిషి కాదు, దెబ్బలు చూసే మనిషి. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా అది కాలితో ఆడే ఆట కాదని మాత్రమే. వెండెల్ ఆ జట్టుకు హెడ్ కోచ్. అంతకుముందు చాలా ఏళ్ళు ప్రొఫెషనల్ లైన్‌బ్యాకర్‌గా ఆడారు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాడికి ఎదురెళ్ళి, గుద్ది నేలకూల్చడమే లైన్‌బ్యాకర్ పని. గుమ్మం నిండా పట్టే మనిషి. ఎన్నోసార్లు విరిగి అతుక్కున్న వేళ్ళు తలో దిక్కుకూ చూస్తుండేవి. గొంతు మాత్రం మెత్తన.

"నాకు ఆట తెలియదు కోచ్" అని మొదటిరోజే చెప్పేశాను. ఆయన నవ్వలేదు. ప్రాక్టీస్ అయ్యాక ఖాళీ మైదానంలో నన్ను లైన్‌బ్యాకర్ చోట నిలబెట్టి, బంతి చంకలో పెట్టుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చారు. కుడికి పోతున్నట్టు చూసి ఎడమకు పోయారు. నేను కుడివైపు అడుగేసి వెర్రిదానిలా నిలబడిపోయాను.

"నా కళ్ళు చూశావు కదూ?"

"అవును కోచ్."

"కళ్ళు మోసం చేస్తాయి. నడుము చూడు. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. దెబ్బ తగిలినవాణ్ణి కూడా అలాగే చూడు. నోటితో చెప్పేది తర్వాత విను."

నా చదువులో ఏ ప్రొఫెసరూ ఇంత సులువుగా పాఠం చెప్పలేదు. ఆ సీజనంతా ఆటగాళ్ళ నడక చూడటమే నా పనైంది.

ఆయన కుర్రాళ్ళందరినీ "బిగ్ మ్యాన్" అని పిలిచేవారు. ముద్దుగా పిలుస్తున్నారని అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, లైట్లు ఆర్పమని, బల్లమీద పడుకున్నారు. తలనొప్పి. కాసేపటికి చీకట్లోంచి మాట వినిపించింది. "వాళ్ళ పేర్లు గుర్తుండవు సుధా. అందుకే అలా పిలుస్తాను. మా రోజుల్లో తల దిమ్మెక్కితే ముక్కు దగ్గర ఘాటైన మందు పెట్టి మళ్ళీ మైదానంలోకి తోసేవాళ్ళు. ఒక ఆట మొత్తం ఆడానట. తర్వాత టేపులో చూసి తెలుసుకున్నాను."

తడిగుడ్డ నుదుటిమీద వేసి, పక్కన కూర్చున్నాను.

మూడో ఏడు మా జట్టు లీగ్ టైటిల్ పోరు దాకా వచ్చింది. మా లైన్‌బ్యాకర్ మార్కస్‌ను చూడటానికి ప్రొఫెషనల్ జట్ల మనుషులు వచ్చి కూర్చున్నారు. రెండో సగం మొదలైన కాసేపటికి రెండు తలలు ఢీకొన్న చప్పుడు నా దాకా వినిపించింది. మార్కస్ లేచాడు, బాగున్నానని బొటనవేలు పైకెత్తాడు, నవ్వాడు. కానీ మా వైపు నడిచి వస్తుంటే నడుము ఒకవైపు, అడుగు ఒకవైపు పడుతున్నాయి. నేను వెళ్ళి అతని హెల్మెట్ తీసేసుకున్నాను. హెల్మెట్ లేకపోతే ఆడనివ్వరు.

"నేను బాగానే ఉన్నాను, ఇచ్చెయ్!" అని మార్కస్ అరిచాడు. అసిస్టెంట్ కోచ్ నా ముఖంలో ముఖం పెట్టి ఇంకా గట్టిగా అరిచాడు. నేను హెల్మెట్ వదల్లేదు.

వెండెల్ వచ్చారు. ఎవరి వైపూ చూడకుండా నన్నే అడిగారు. "ఏమంటావు?"

"ఆడకూడదు కోచ్."

ఆయన హెల్మెట్ నా చేతుల్లోంచి తీసుకుని చంకలో పెట్టుకున్నారు. "ఇప్పుడు ఎవరైనా అడగాలంటే నన్నడగండి" అన్నారు. ఆట ముగిసేదాకా దాన్ని అలా పట్టుకునే నిలబడ్డారు. మేము ఓడిపోయాం. స్టాండ్స్‌లోంచి వచ్చిన తిట్లన్నీ ఆయన వీపుకే తగిలాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కిరణ్‌కు విషయం తెలిసిపోయింది. వరంగల్ మనిషి, కంగారు దాచుకోలేడు. "సుధా, నువ్వెందుకు ఇన్వాల్వ్ అయినవ్? నీ హెచ్‌వన్ వీసా స్పాన్సర్ చేసింది వాళ్ళే కదా. జాబ్ పోతే ఎట్ల?"

"వాడికి ఏమన్నా అయితే ఎట్లా?" అన్నాను. అతను లేచి అన్నం వడ్డించాడు.

సోమవారం మీటింగులో కాలేజీ పెద్దలు నన్నూ పిలిచారు. నేను నోరు తెరిచేలోపే వెండెల్ అన్నారు. "చూడటం ఆమె పని. వినడం నా పని. ఆమె చూసింది, నేను విన్నాను. తప్పెక్కడుంది?" మార్కస్ చాలా రోజులు వెలుతురు చూడలేక, పుస్తకం చదవలేక గదిలోనే పడుకున్నాడు. మా మాటే నిజమని తేలినా, సీజన్ ముగిశాక వెండెల్ చోట కొత్త కోచ్‌ను తీసుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది, ఆయనది పోయింది.

సామాన్లు సర్దుకుంటున్న ఆయన దగ్గరికెళ్ళి ఏడ్చేశాను. "ఎందుకేడుస్తావు?" అన్నారు ఆశ్చర్యంగా. "మార్కస్ పొద్దున ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ చేసే చికెన్ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒక్క మాట తడబడలేదు."

మార్కస్ ప్రొఫెషనల్ కాలేదు. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు.

కాలిఫోర్నియాకు వచ్చేముందు వెండెల్‌ను చూడటానికి వెళ్ళాను. ఒక పార్కులో చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. గుద్దుకోవడం లేదు; నడుముకు కట్టిన రిబ్బన్ లాగేస్తే చాలు, ఆట ఆగిపోతుంది. నన్ను చూసి కళ్ళు చిట్లించారు. నా పేరు నోటికి అందలేదు. తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. "పిల్లలూ, ఇటు రండి! ఈవిడ వద్దంటే వద్దే. నేను కూడా ఈవిడ మాట వింటాను."

పోయిన నెల ఇక్కడ మా స్నేహితుల పాప సాకర్ ఆడుతూ గోల్‌పోస్టుకు తల కొట్టుకుంది. వాళ్ళ నాన్న "ఏం కాలేదండీ, ఈ హాఫ్ ఆడకపోతే సెలెక్షన్ పోతుంది" అన్నారు. పాప తండ్రి ముఖం చూసి "ఐ యామ్ ఫైన్ ఆంటీ, నేను ఆడతా" అంది. నేను వద్దన్నాను. ఆయన గొంతు పెంచారు, అందరూ చూశారు. నేను పాపకూ ఆయనకూ మధ్యకు జరిగి, "కోప్పడాలంటే నన్ను కోప్పడండి, పాపను కాదు" అన్నాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. పరవాలేదు. ఆ కోపం నా దగ్గరే ఉండనీ.