చుక్క ఒకచోట, బడి ఒకచోట

ఆ ఏడాది మా ఆఫీసుకు వచ్చిన పని వినడానికి ఎంతో సులువు. వరదొస్తే రాయ్‌పూర్ దగ్గరి ఆరంగ్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తలదాచుకోవడానికి ఏయే బడులు పనికొస్తాయో కంప్యూటర్‌లో మ్యాపు చూసి జాబితా రాయాలి. శంకర్ నగర్‌లో ఏసీ గదిలో కూర్చుని నేను చేసే ఈ పనంటే మా అమ్మకు నవ్వు. నాన్న రైల్వే ఉద్యోగంతో రాయ్‌పూర్ వచ్చి ఇన్నేళ్ళైనా ఆవిడ శ్రీకాకుళం యాస మారలేదు, మధ్యలో హిందీ వచ్చి చేరిందంతే.

"కుర్సీ మీద కూకుంటే ఊరెంత ఎత్తో ఎలాగ తెలుస్తాదే నీకు? ఏక్ బార్ ఎల్లి సూసి రాయే!"

నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. మహానది దగ్గరున్న ఒక బడికి మా మ్యాపు అన్నిటికంటే మంచి మార్కులిచ్చింది. ఎత్తైన నేల, పక్కనే రోడ్డు. తీరా జీపు దిగి చూద్దును కదా, బడి పల్లంలో ఉంది! ఊరు తప్పానా? బోర్డు మీద పేరు అదే. మరి మ్యాపు తప్పా, నా కళ్ళు తప్పా? బుర్ర తిరిగిపోయింది.

పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గోడ మీద నడుమెత్తున చెయ్యి ఆనించి, "ఇహాఁ తక్ పానీ ఆథే, మేడం," అంది. నీళ్ళు అంతదాకా వస్తాయట.

హెడ్మాస్టరుగారిని అడిగితే ఏమాత్రం తడుముకోలేదు. బడి ఎక్కడుందో ఫోన్‌లో నమోదు చేయమని ఆర్డరొచ్చింది. బడి దగ్గర సిగ్నల్ రాదు. అందుకని ఊరవతల మిట్టెక్కి బటన్ నొక్కి వచ్చారు. మ్యాపులో బడి చుక్క అక్కడే పడింది.

"నెట్‌వర్క్ వహీఁ ఆతా హై, మేడం. క్యా కర్తే?"

నెట్‌వర్క్ అక్కడే వస్తుంది, ఏం చేస్తామంటారు. ఓరి నాయనో! ఇంతకీ ఆ మిట్ట మీద ఏముందని అడిగాను. తుమ్మచెట్లున్నాయట.

ఇప్పుడేం చెయ్యాలి? చుక్కను పల్లంలోకి జరిపితే బడితోపాటు ఊరి పేరూ జాబితాలోంచి ఎగిరిపోతుంది. జరపకపోతే వరదరోజున జనాన్ని నేనే నీళ్ళలోకి తోలినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వంటావిడకు నా నంబరిచ్చి తిరిగొచ్చాను. మా ఆఫీసు పెద్దసారుకు చెబితే, "తప్పు దిద్దేసి పంపండి, మిగతాది తర్వాత చూద్దాం," అన్నారు. దిద్దాను. మంచి చేశానో చెడు చేశానో ఇంటికెళ్ళే దారిపొడవునా ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆ వానాకాలం ఒక పొద్దున వంటావిడ ఫోన్ చేసింది. ఊళ్ళోకి నీళ్ళొచ్చేశాయట.

"మేడం, హమన్ కోన్ స్కూల్ మా జాబో?"

మేం ఏ బడికి వెళ్ళాలి అంటోంది. జాబితా ముందుకీ వెనక్కీ తిప్పాను. ఆ ఊరి పేరు ఎక్కడా లేదు. తీసేసింది నేనే. దానికి బదులు ఫలానా బడికి వెళ్ళండని మాలో ఎవరమూ రాయలేదు.

"బతావ న మేడం," చెప్పమని అడిగింది మళ్ళీ. వెనక పిల్లల ఏడుపు వినిపిస్తోంది. మిట్ట మీద, తుమ్మచెట్ల కింద వానలో తడిసిపోతున్నారట.