దొర కారుకు దిగని బండి

నిజాం పాలనను ముగించిన పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి సంవత్సరం నేను మెదక్ మున్సిఫ్ కోర్టులో కొత్త వకీలును. ఫౌజ్దారీ, అంటే క్రిమినల్ కేసుల్లో నా మొదటి ముద్దాయి పాపన్నపేట రైతు సాయిలు. అతను వడ్ల బండి తోలుకుని మెదక్‌కు వస్తుంటే వెనుక నుంచి ఒక దొర కారు వచ్చింది. హారన్ కొట్టినా సాయిలు బండి దిగలేదు. డ్రైవర్ కారు ఆపి వచ్చి కొరడాతో బాదాడు. సాయిలు ముల్లుగర్రతో తిరిగి కొట్టాడు, డ్రైవర్ చెయ్యి విరిగింది. కేసు మాత్రం సాయిలు ఒక్కడి మీదే పెట్టారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

జైలు ఒక్కటే అయితే నేనంత భయపడేవాణ్ణి కాదు. కమ్యూనిస్టుల సంఘంలో ఉన్నాడని ఎవరైనా చెవిలో ఊదితే చాలు, ఆ రోజుల్లో మనిషిని మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయేవారు. దొర తరఫు పెద్ద వకీలు నన్ను పక్కకు పిలిచి ఆ సంగతే తియ్యగా గుర్తుచేశాడు. దొర ఉండే గడీకి వచ్చి ఆయన కాళ్లు మొక్కితే రాజీ రాసుకుందామన్నాడు. కబురు ముద్దాయికి చేరవేయడం వకీలు విధి కాబట్టి చేరవేశాను.

"కొట్టిన. కొట్టలేదని చెప్ప," అన్నాడు సాయిలు. "గానీ కాళ్లు మాత్రం మొక్క, వకీల్ సాబ్. పట్కపోతే పట్కపోనియ్యుండ్రి."

అతని మొండితనం నాకూ అంటుకుంది. జిరహ్‌లో, అంటే ఎదుటివారి సాక్షిని మేం ప్రశ్నించేటప్పుడు, డ్రైవర్‌ను దెబ్బల సంగతి అడగనే లేదు. బండి ఏ పక్కన పోతోందని అడిగాను. ఎడమ పక్కనే అన్నాడు. కారు పోవడానికి దారి ఉందా అంటే మస్తుగా ఉందన్నాడు. మరి కారు ఎందుకు ఆపావన్నాను. గడీలో పుట్టి పెరిగినవాడు, ఇందులో దాచవలసింది ఉందని అతనికి తోచనేలేదు.

"దొర వస్తుంటే బండి ఆపి, దిగి, చెప్పులిడిసి నిలవడాలె గదా. గిది ఎప్పటి రివాజే. గీడు కూసునే ఉన్నడు. గందుకే దిగి కొరడతోని కొట్టిన."

పెద్ద వకీలు తల పట్టుకున్నాడు. ఆ రివాజు ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు మున్సిఫ్. ఎక్కడుంది చూపించడానికి? తప్పు చేయనివాణ్ణి ముందు కొట్టింది డ్రైవరే కనుక సాయిలు దెబ్బ ఆత్మరక్షణేనని తీర్పు చెప్పి వదిలేశాడు. కోర్టు వదిలిన మనిషి మీద క్యాంపు మాట ఎత్తే ధైర్యం దొర తరఫువారికి లేకపోయింది.

రాజీ మంచిదే. తరువాత ఎన్నో కేసులు నేనే రాజీ చేయించాను. కానీ కాళ్లు మొక్కితే ముగిసేదాన్ని రాజీ అనరు, శిక్ష అంటారు. ఆ శిక్ష వేసే అధికారం కోర్టుకే లేదు, దొరకెక్కడిది?