రాజు లేకుండా పద్యం

జర్మన్ నాటకాల వల్ల ధర్మవరంలో నష్టపోయిన మనిషి ఎవరన్నా ఉన్నారంటే అది మా నాయన ఒక్కడే. ఆ నష్టం చేసింది నేను. జర్మన్లకు గానీ రష్యన్లకు గానీ ఇందులో ఏ పాపమూ లేదు.

ఎనభైల మొదట్లో నేను అనంతపురం కాలేజీలో ఎమ్మే తెలుగు చదువుతాంటిని. తులనాత్మక సాహిత్యమని ఒక పేపరు ఉండేది. ఆ పేపరు చెప్పే సారు వ్యాసాల విషయాలు చీటీల మీద రాసి, తన టిఫిన్ డబ్బాలో వేసి, తలా ఒకటి తీయమన్నాడు. నా పక్కనున్న పిల్లకు కన్నడ వచనాలు, తెలుగు శతకాలు వచ్చినాయి. ఆ యమ్మి ఇంట్లో సగం మంది కన్నడం మాట్లాడేవాళ్లే, పెట్టి పుట్టింది. నాకొచ్చిన చీటీ మీద ‘ఆధునిక రష్యన్ కవిత్వంపై క్లాసికల్ జర్మన్ నాటక ప్రభావం’ అని ఉంది, ఒక మూల చింతకాయ తొక్కు మరకతో సహా. మార్చమని అడిగితే “తీసిన చీటీ తీసిందే తల్లీ” అన్నాడు. ఆ రెంటి గురించి ఆయనకు కూడా ఏమీ తెలీదని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. చదువు అయిపోయేలోగా రూఢి అయింది.

రష్యన్ పుస్తకాలకు కొదవ లేదు. మా జిల్లాలో కరువు లేని సరుకు అదొక్కటే. బస్టాండు పక్కన గుడ్డ పరిచి అమ్ముతాంటే, అట్టలు గట్టిగా ఉంటాయని పొయ్యి విసురుకోవడానికి పూరీల బండాయన కూడా ఒకటి కొన్నాడు. జర్మన్ నాటకాలు మాత్రం లైబ్రరీలో ఒకే లావు ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకొని నెల రోజులు దాంతో కుస్తీ పట్టినా. అందులో యువరాజు గానీ, దొంగల నాయకుడు గానీ, స్వేచ్ఛ గురించి రెండు పేజీల పద్యం చెప్పందే ఎవడూ చావడు. పద్యనాటకాలు చూసి పెరిగినదాన్ని, నాకిది కొత్త కాదు. మావాళ్లయితే చచ్చినాక కూడా జనం ‘వన్స్ మోర్’ అంటే లేసి కూచోని మళ్లా పాడతారు. ఆ విషయంలో జర్మన్లు ఇంకా వెనకబడే ఉన్నారు.

రష్యన్ల సంగతి ఒక పాత ఇంగ్లీషు పత్రికలో దొరికింది. ఒక కాలంలో కొందరు కవుల సొంత పద్యాలు అచ్చు వేయనిచ్చేవాళ్లు కాదంట. కడుపు కోసం వాళ్లు జర్మన్ నాటకాలు రష్యన్లోకి మార్చినారు. తాము అనకూడని మాట ఎప్పుడో చచ్చిన జర్మన్ రాజు అంటే ఎవరికీ అభ్యంతరం లేదు గదా. అట్ల ఏండ్ల తరబడి వేరే నోటికి మాటలు అందించినాక, సొంత కవిత రాసుకున్నా, అందులో ‘నేను’ అనేవాడు వేషం కట్టి దీపాల ముందర నిలబడినట్లే మాట్లాడతాడు. నాకు అర్థమైన ప్రభావం ఇంతే. అయితే మా సారు ఏం చెప్పినా “ఉదాహరణ?” అంటాడు. రష్యన్ రాదు, జర్మన్ రాదు, ఉదాహరణ యాడ తెచ్చేది?

అది మా ఇంట్లోనే దొరికింది. మా నాయన పట్టుచీరలు నేసేవాడు, ఊళ్లోవాళ్లు ఆడే పద్యనాటకంలో రాజు. అమావాస్య నాడు మగ్గానికి సెలవు కాబట్టి ఆ పొద్దు మధ్యాహ్నం మా ఇంట్లో రిహార్సలు జరిగేది. నాటకం నడిపేది హార్మోనియం మేష్ట్రు. అచ్చులో ఉన్న పద్యమంటే ఆయనకు దేవుడితో సమానం. ఒక్క మాట మార్చినాడని మంత్రి వేషగాణ్ణి తీసేసిన మనిషి. ఒక అమావాస్యకు నేను ఇంటికి పోయి, పుస్తకం పట్టుకొని వెనక నుంచి మాటలు అందిస్తాంటిని. రాజ్యం పోయిన రాజు అడివిలో పాడే చోట నాయన ఒక పద్యం ఎత్తుకున్నాడు. పుస్తకం ముందుకు తిప్పినా, వెనక్కి తిప్పినా, యాడా లేదు. పన్నెండేండ్ల వయసు నుంచి నడుము దాకా భూమిలోనే ఉన్నాను, నేను పోయిన పొద్దు మిగిలిన సగం పూడిస్తే చాలు అని దాని భావం. అడివిలో తిరిగే రాజుకు నడుము దాకా భూమి ఏంది? గుంట మగ్గంలోకి కాళ్లు దించి కూచునే మనిషికే ఆ మాట వస్తాది. మేష్ట్రు మాత్రం కండ్లు మూసుకొని హాయిగా శ్రుతి పడతాన్నాడు.

అందరూ పోయినంక అడిగినా. “నాయనా, ఆ పద్యం ఏ పుస్తకంలో ఉండాది?”

“పాత ప్రతిలో ఉండాదని మేష్ట్రుకు చెప్పినా. ఐదేండ్లాయ.”

“నిజంగా యాడుండాది?”

నాయన నవ్వినాడు. “నాదే పాపా. మగ్గమాయన పద్యం రాసినాడంటే ఎవరింటారు? రాజు పాడితే బత్తలపల్లెలో మూడుసార్లు వన్స్ మోర్ అన్నారు. ఎవరికీ చెప్పాకు. వేషం పోతాది.”

నేను ఎవరికీ చెప్పలేదు, కాలేజీలో నలభై మందికి తప్ప. సెమినార్లో సారు “ఉదాహరణ?” అనంగానే “ధర్మవరం సార్” అన్నా. నాయన సంగతి చెప్పి, పద్యం పాడి వినిపించినా. నా గొంతు రేకు మీద మేకుతో గీరినట్లుంటాది. పాడటం అయినాక వెనక బెంచీలో ఒకడు దగ్గినాడు. సారు “బాగుంది, ఆధార గ్రంథాల పట్టిక ఏదమ్మా?” అన్నాడు. నాకు దక్కిన చప్పట్లు ఇంతే. అయినా వ్యాసాన్ని కాలేజీ పత్రికలో వేసినారు, పద్యం కింద మా నాయన పేరుతో సహా.

ఇంక ఆగుతానా? పత్రిక చంకలో పెట్టుకొని బస్సెక్కినా. ఇంటికి పోయేసరికి నాయన బజారుకు పోయినాడు. అరుగు మీద మేష్ట్రు ఆయన కోసం కూచోనున్నాడు. అచ్చులో ఉన్నదానికల్లా మొక్కే మనిషి గదా, నాయన పద్యం అచ్చులో చూస్తే సంతోషపడతాడు, ఇంక దాచుకునే పని లేదు అనుకున్నా. ఎమ్మే చదివే బుర్ర అట్ల పనిచేసింది. నేనే పేజీ తీసి ఆయన చేతిలో పెట్టినా.

ఆయన నిదానంగా రెండుసార్లు చదివినాడు. “ఐదేండ్లు నేను శ్రుతి పట్టింది ఎవరి పద్యానికి?” అని అడిగినాడు, నన్ను కాదు, తనను తానే. పత్రిక అరుగు మీద పెట్టి, చెప్పులేసుకొని పోయినాడు. పై అమావాస్యకు రాజు వేషం ఒక టైలరుకు ఇచ్చినారు. రిహార్సలు కూడా వాళ్లింటికి మారింది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టింటే బాగుండు. నా మీద నాకే అసహ్యమేసి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సిగ్గు లేకుండా తిన్నా.

కొన్నాళ్లకు కొత్తచెరువులో నాటకం ఆడినారు. చూసొచ్చిన పక్కింటాయన మా మగ్గం కాడికొచ్చి చెప్పినాడు. “రాజు అడివిలోకి పోంగానే ఆ పద్యం ఏదప్పా అని జనం ఒకటే గోల. అది నాటకంలో లేదని మేష్ట్రు లేసి చెప్పుకోవాల్సొచ్చె.” నాయన పోగు అటూ ఇటూ తిప్పే నాడె పక్కన పెట్టి విన్నాడు. పక్కింటాయన పోయినంక నాయన కాళ్లు గుంటలోంచి పైకి తీసి, గట్టు మీద కూచోని నన్ను పిలిచినాడు.

“మీ కాలేజీలో పాడినావు గదా. నాదని చెప్పి పాడినావా, చెప్పకుండానా?”

“చెప్పే పాడినా.”

“వన్స్ మోర్ అన్నారా?”

వెనక బెంచీ దగ్గు నాకు మళ్లా వినపడింది.

“అన్నారు నాయనా.”

“నా పేరు చెప్పినంక గూడా?”

“చెప్పినంకే. రెండుసార్లు.”

“రాజు లేకుండానే” అన్నాడు. మళ్లా కాళ్లు గుంటలోకి దించి, నాడె అందుకున్నాడు.