గాలి తగలని మూల

గులాబీలు ఎగుమతి చేసే ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. కోతపనివాళ్ళు కోసిన పూలలోంచి అప్పుడప్పుడు ఒక కట్టను సొంత ఉద్యోగుల్లోనే ఒకరి ఇంటికి పంపేవారు. కొన్నవాళ్ళ ఇంట్లో ఎన్నాళ్ళు నిలుస్తాయో అలా తేల్చుకునేవారు. ఏడు రోజులు నిలవకపోతే తప్పు కోసిన చేతిదే. మూడుసార్లు తప్పితే పని పోయినట్టే.

కట్ట వెళ్ళేది ప్యాకింగు షెడ్డులో అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి ఇంటికి. కాడలను నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోయడం, మునిగే ఆకులను గిల్లేయడం, పాచి పట్టకుండా రోజూ కుండీ తోమి నీళ్ళు మార్చడం ఆమెకు చేతి అలవాటు. పూలు త్వరగా వాడతాయని పండ్లు పక్కన ఉంచేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా ఫ్యాను గాలి తగలనిచ్చేది కాదు.

ఆ ఎండాకాలం వచ్చిన కట్ట ఆమె సొంత చెల్లెలు కోసినది. చెల్లెలు అప్పటికే రెండుసార్లు తప్పింది.

ఉన్నది ఒక్కటే గది, రేకుల కప్పు. నెత్తిమీది ఫ్యాను గాలి చేరని మూల లేదు. దాని కింద, ఆ ఏడాదే మంచం పట్టిన భర్త. రాళ్ళు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు దుమ్ముతో నిండిన మనిషి.

"ఫ్యానాపు," అన్నాడాయన.

"వద్దండీ, మీకు ఊపిరాడదు."

"మరదలి ఉసురు నాకెందుకు? ఆపు." నవ్వబోయి దగ్గాడు. "నేనూ వాడిపోతున్నానే. నా నీళ్ళెవరు మారుస్తారు?"

ఆమె ఫ్యాను ఆపింది. పూలకు వీపు అడ్డం పెట్టి కూర్చుని ఆయనకు విసనకర్రతో విసిరింది. పనికి సెలవు పెట్టి, అలా అయిదు రోజులు. కుడి చెయ్యి వాస్తే ఎడమ చేత్తో విసిరింది. ఆరో రోజు మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు పట్టింది.

లేచేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. గొంతులోంచి ఈల వస్తోంది. ఆమె ఒక్కసారి పూలవైపు చూసి, స్విచ్చు వేసింది. తిరిగి ఆపలేదు.

ఏడో రోజు ఉదయం సూపర్‌వైజరు వచ్చాడు. బల్ల కింద పూరేకులు రాలి ఉన్నాయి.

"కోత తప్పు కాదు బాబూ. ఫ్యాను వేశాను, ఆయనకు బాగోలేక."

"కొన్నోళ్ళ ఇళ్ళల్లో ఫ్యాన్లుండవా పెద్దక్కా?" అంటూ అతను చీటీలో ఆరు వేశాడు. ఆ చీటీలో ఎన్ని రోజులో రాసే గడి ఒక్కటే ఉంది, కారణం రాసే చోటు లేదు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. కంపెనీలో ఫ్యాను సంగతి విని, గుర్తింపు కార్డు అప్పగించేసి నేరుగా వచ్చింది.

"లోపలికి రావే," అంది అక్క.

చెల్లెలు ఆమె వైపు చూడలేదు. గుమ్మం బయటి నుంచే అడిగింది.

"బావా, ఊపిరాడుతోందా?"

"ఆడుతోందమ్మా."

"ఆడనివ్వండి," అని వెనక్కి తిరిగింది.